డీజిల్ బండిలో పెట్రోలు పడితే: తాళం తిప్పకముందు, తిప్పిన తర్వాత

డీజిల్ బండిలో పెట్రోలు పోశారని తెలిసిన క్షణంలో చేయవలసింది ఒక్కటే: తాళం ముట్టుకోకండి. ఇంజను స్టార్ట్ చేయడం సంగతి అటుంచి, డాష్‌బోర్డులో దీపాలు వెలిగేంత వరకు కూడా తిప్పకండి. చిన్న పికప్ బండ్లలో చాలావాటికి ట్యాంకులోనే కరెంటు పంపు ఉంటుంది. తాళం ఆన్ చేయగానే అది కొద్ది సెకన్లు తిరిగి, ట్యాంకులో ఉన్నదాన్ని ఫిల్టరు వైపు తోస్తుంది. ట్యాంకు దాటనంత వరకు ఆ పెట్రోలు వల్ల ఇంజనుకు నష్టం లేదు. దాటిన దగ్గర నుంచే ఖర్చు మొదలవుతుంది.

నేను చెన్నై మాధవరంలో డీజిల్ ఇంజన్లకు ఇంధనం తోసే పంపులు, సిలిండరులోకి దాన్ని చిమ్మే నాజిళ్లు బాగుచేసే పని చేస్తాను. నెల్లూరు, గూడూరు, నాయుడుపేట, తడ మీదుగా పదహారో నంబరు జాతీయ రహదారిలో వచ్చే తెలుగు డ్రైవర్లు మా షెడ్డుకు ఎక్కువ. కోయంబేడు మార్కెట్టుకు సరుకు తెచ్చేవాళ్లు, ఎన్నూరు ఓడరేవుకు వెళ్లేవాళ్లు. పెట్రోలు పడిందని ఫోను వచ్చినప్పుడల్లా నేను ముందు అడిగేది "తాళం తిప్పావా?" అని. దానికి వచ్చే జవాబును బట్టి మిగతా పనంతా మారిపోతుంది.

ఈ పొరపాటు జరగడం చాలా తేలిక. పెట్రోలు గన్ను మూతి సన్నం, డీజిల్ గన్ను మూతి లావు. అందువల్ల పెట్రోలు గన్ను డీజిల్ ట్యాంకులోకి ఏ అడ్డూ లేకుండా దిగుతుంది. పైగా ఒకే పేరున్న బండి రెండు మూడు ఇంధనాలలో వస్తోంది. టాటా ఏస్‌లో పెట్రోలు ఉంది, డీజిల్ ఉంది, సీఎన్‌జీ ఉంది. ఇంట్రా వీ20 పెట్రోలుతోనూ సీఎన్‌జీతోనూ నడిస్తే, వీ30 డీజిల్‌తో నడుస్తుంది. అర్ధరాత్రి షిఫ్టులో నిలబడ్డ బంకు కుర్రాడికి ఎదురుగా కనబడేది ఒకే రకం ముఖమున్న బండి. కాబట్టి ట్యాంకు మూత మీద లోపలా బయటా "డీజిల్" అని పెద్ద అక్షరాలతో రాయించండి. తమిళనాడులో తిరిగే బండి అయితే తమిళంలోనూ రాయించండి. డ్రైవరు కిందికి దిగి, గన్ను చూసి, నోటితో "డీజిల్" అని చెప్పిన తర్వాతే పోయనివ్వాలి.

అసలు పెట్రోలు ఎందుకు పనికిరాదో తెలిస్తే, తర్వాత చెప్పే జాగ్రత్తలు మీకే తోస్తాయి. డీజిల్ ఇంజనుకు స్పార్క్ ప్లగ్గు ఉండదు. గాలిని పదహారు, పదిహేడు రెట్లు కుదించినప్పుడు పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. పెట్రోలును మాత్రం ఒత్తిడికి దానంతట అది అంటుకోకుండా ఉండేలా తయారుచేస్తారు. పెట్రోలు కలిసిన డీజిల్ సిలిండరులో ఆలస్యంగా అంటుకుని, అంటుకున్నాక ఒక్కసారిగా భగ్గుమంటుంది. పిస్టన్ మీద సుత్తితో కొట్టినట్టు వినిపించే చప్పుడు అదే.

ఇంజను కంటే ముందు దెబ్బతినేది పంపు. కామన్ రైల్ బండ్లలో, అంటే అన్ని నాజిళ్లకూ "రైలు" అనే ఒకే ఉక్కు గొట్టం నుంచి ఇంధనం అందే బండ్లలో, ఇంధనం 1600 బార్, కొన్నిటిలో అంతకు మించిన ఒత్తిడితో నాజిల్‌కు చేరుతుంది. లోపల ఒకదానిమీద ఒకటి జారే ఉక్కు భాగాల మధ్య ఖాళీ కొద్ది మైక్రాన్లు మాత్రమే. ఆ ఖాళీలో డీజిల్ జిడ్డు పొరగా నిలబడి, ఉక్కును ఉక్కు తాకకుండా కాపాడుతుంది. పెట్రోలు ఆ జిడ్డును కడిగేస్తుంది. అప్పుడు లోహం రాచుకుని సన్నని రజను రాలుతుంది. ఆ రజను రైలులోకి, నాజిళ్లలోకి, అక్కడి నుంచి తిరుగు పైపు గుండా మళ్లీ ట్యాంకులోకి చేరుతుంది.

పాతకాలం డ్రైవర్లు ఇక్కడ ఒక మాట చెబుతారు: "కొంచెమే కదా, మిగతాది డీజిల్‌తో నింపేయ్, సర్దుకుంటుంది." వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్లు నడిపిన బండ్లలో ఇన్‌లైన్ పంపు ఉండేది. దాని కామ్‌షాఫ్ట్‌కు ఇంజను ఆయిలే అందుతుంది, ఇంధనాన్ని తోసే ప్లంజర్లు అనే కడ్డీలకు మాత్రమే డీజిల్ జిడ్డు కావాలి. అలాంటి పంపు కొంత కల్తీని ఓర్చుకునేది. రోటరీ పంపుకూ, చాలా కామన్ రైల్ పంపులకూ లోపలి భాగాలన్నిటికీ డీజిల్ జిడ్డే దిక్కు. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 కాలుష్య ప్రమాణపు బండిలో ఆ సలహా పాటించడాన్ని నేను ఎంతమాత్రం ఒప్పుకోను. అయిదు లీటర్లు పడినా సరే, ట్యాంకు ఖాళీ చేయవలసిందే.

ఇక బంకులో నిలబడి ఉన్నారనుకుందాం. గన్ను ఆపించారు. పోసింది పెట్రోలేనా అనే అనుమానం ఉంటే ముందు బిల్లు చూడండి. ఏ ఇంధనమో, ఏ గన్నో, ఎన్ని లీటర్లో అందులో ఉంటుంది. బంకులో ఫిల్టరు కాగితం అడగండి, అది ఇవ్వడం వాళ్ల బాధ్యత. దాని మీద ఒక చుక్క వేస్తే, మంచి పెట్రోలు రెండు నిమిషాల్లోపు మరక లేకుండా ఆవిరైపోతుంది, డీజిల్ జిడ్డు మరక వదులుతుంది. అయితే రెండూ కలిసినది కూడా మరకే వదులుతుంది కాబట్టి గన్ను నుంచి తీసిన చుక్కకే ఈ పరీక్ష పనికొస్తుంది. ట్యాంకులో ఉన్నదాన్ని తేల్చడానికి సాంద్రత చూడాలి. ప్రతి బంకులోనూ హైడ్రోమీటరు, జాడీ, థర్మామీటరు, 15 డిగ్రీలకు సరిచేసే పట్టిక ఉంటాయి. బీఎస్-6 డీజిల్ సాంద్రత ఘనపు మీటరుకు 810 నుంచి 845 కిలోల మధ్య ఉండాలి. 830 ఉన్న డీజిల్ నలభై లీటర్లలో 745 ఉన్న పెట్రోలు ఇరవై లీటర్లు పడితే రమారమి 802 చూపిస్తుంది. ఎండలో వేడెక్కిన ఇంధనం తక్కువ చూపిస్తుంది కనుక పట్టిక చూడకుండా అంకె నమ్మవద్దు.

బండిని గన్నుల దగ్గర నుంచి పక్కకు తీయాలి. చిన్న పికప్ అయితే న్యూట్రల్‌లో పెట్టి తోయవచ్చు. స్టీరింగ్ లాక్ విడిపోవడానికి తాళాన్ని మొదటి గాటు వరకే తిప్పండి, ఆన్ వరకు పోనివ్వకండి. ఇంజను ఆగి ఉంటుంది కాబట్టి స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేకు పెడల్ గట్టిపడుతుంది. తోసేవాళ్లు ముందు నిలబడకూడదు. లోడు ఉన్న పెద్ద లారీని మనుషులు తోయలేరు, తోయనూ కూడదు. గాలి తగ్గితే వెనక బ్రేకులు వాటంతట అవే బిగుసుకుంటాయి. దానికి టోయింగ్ బండే రావాలి. చక్రాలకు అడ్డు పెట్టి, బ్యాటరీ స్విచ్ ఆపేయండి.

గూడూరు నుంచి కోయంబేడుకు నిమ్మకాయల బస్తాలతో వచ్చిన ఒక పికప్ డ్రైవరు రెడ్ హిల్స్ దాటాక ఒక బంకు నుంచి ఫోను చేశాడు. "అన్నా, పెట్రోలు కొట్టారు. తాళం తీసి జేబులో పెట్టుకున్నా." అంతకంటే మంచి మాట నాకు అక్కర్లేదు. తాడు కట్టి షెడ్డుకు తెచ్చి, ట్యాంకు ఖాళీ చేసి, ఫిల్టరు మార్చి పంపించాం. తెల్లవారేసరికి నిమ్మకాయలు మార్కెట్టులో దిగాయి. అదే రోడ్డు మీద, ఓనరు జీతం కోస్తాడన్న భయంతో ఎవరికీ చెప్పకుండా పుళల్ వరకు నడిపించిన మరో తమ్ముడి బండికి పంపు, రైలు, నాజిళ్లు అన్నీ పోయాయి. ఓనర్లకు నేను గట్టిగా చెప్పేది ఇదే: "ఇలాంటిది జరిగితే వెంటనే ఫోను చెయ్యి, నీ జీతంలో పైసా తగ్గించను" అని డ్రైవరుకు ముందే మాట ఇవ్వండి. ఆ మాట ఇవ్వని ఓనరు బండే ఎక్కువగా పాడై వస్తుంది.

ట్యాంకు ఖాళీ చేయడం దగ్గర నేను చాలా కఠినంగా ఉంటాను, ఎందుకంటే అక్కడ పోయేది మనిషి ప్రాణం. పెట్రోలు సున్నాకు నలభై డిగ్రీల కింద కూడా మండే ఆవిరి వదులుతుంది. డీజిల్‌కు మన దేశపు ప్రమాణం ప్రకారం కనీసం 35 డిగ్రీల వేడి కావాలి. రెండూ కలిస్తే దాన్ని పెట్రోలుగానే చూడాలి. ఆ ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. నేలను పట్టుకుని పాకి గుంతల్లో నిలుస్తుంది. అందుకే బండి కింద గుంత ఉన్నచోట ట్యాంకు విప్పవద్దు. నీడలో, గాలి ఆడే ఆరుబయట విప్పండి. చుట్టుపక్కల బీడీ, స్టౌ, వెల్డింగు, గ్రైండరు, తీగ వేలాడే బల్బు ఏవీ ఉండకూడదు. పక్కన పొడి రకం అగ్నిమాపక సిలిండరు, ఇసుక బకెట్లు పెట్టుకోండి.

ప్లాస్టిక్ బకెట్టులోకి వదలవద్దు, దానిలో స్థిర విద్యుత్తు పేరుకుంటుంది. ఇనుప డబ్బాను నేల మీద పెట్టి, డబ్బాకూ ట్యాంకుకూ క్లిప్పులతో రాగి తీగ కలిపి, ట్యాంకు అడుగున ఉన్న డ్రైన్ బోల్టును నెమ్మదిగా వదులు చేయండి. బోల్టు లేని ట్యాంకుకు పేలుడు ప్రమాదం లేని చేతి పంపు వాడాలి. నోటితో పైపు పీల్చడం మాత్రం ఎవరూ చేయవద్దు. క్లీనర్ కుర్రాడికి పైపు అందించి "పీల్చరా" అనే వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది. ఒక్క గుక్క ఊపిరితిత్తుల్లోకి పోతే చాలు, న్యుమోనియా లాగా ఊపిరి ఆడకుండా పోతుంది. పొరపాటున మింగితే వాంతి చేయించకండి, పైకి వచ్చేటప్పుడే అది ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. 108కి ఫోను చేసి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

దించిన మిశ్రమాన్ని కాలువలో పోయకండి. స్టౌలో వాడుకుంటామని ఎవరైనా అడిగితే ఒక్క లీటరు కూడా ఇవ్వకండి. కిరోసిన్ స్టౌలో పెట్రోలు కలిసినది పోస్తే పేలుతుంది. పెట్రోలును చట్టం మొదటి తరగతి ఇంధనంగా చూస్తుంది. లైసెన్సు లేకుండా 30 లీటర్లకు మించి ఉంచుకోకూడదు. పోసిన బంకే దాన్ని వెనక్కి తీసుకోవాలని పట్టుబట్టండి.

తాళం తిప్పని బండికి తర్వాతి పని చిన్నది. ట్యాంకులో కొద్దిగా మంచి డీజిల్ పోసి కడిగి, దాన్నీ దించాలి. నీరు వేరుచేసే ఫిల్టరు, దాని తర్వాతి ఫిల్టరు రెండూ మార్చాలి. డీజిల్ నింపి, చేతి ప్రైమరుతో, అంటే చేత్తో నొక్కే చిన్న పంపుతో, బుడగలు ఆగేదాకా గాలి తీసి, అప్పుడు స్టార్ట్ చేయాలి. స్లోలో పావుగంట ఉంచి చప్పుడు వినండి. గాలి తీయకుండా ఊరికే సెల్ఫ్ కొడుతూ ఉంటే పంపు మళ్లీ ఎండుతుంది.

ఇంజను నడిచిందంటే ఇవన్నీ చేస్తూనే లోపల ఏం జరిగిందో చూడాలి. పాత ఫిల్టరును పారేయవద్దు. దాన్ని కోసి, లోపలి కాగితాన్ని తెల్లగుడ్డ మీద పరిచి, ఎండలోకి తీసుకెళ్లి అటూ ఇటూ వంచి చూడండి. మామూలు ఫిల్టరులో నల్లటి మడ్డి కనబడుతుంది. రజను ఉంటే ఆ మడ్డిలో వెండి పొడి చల్లినట్టు మెరుపు కనబడుతుంది. చిన్న అయస్కాంతం ఆనిస్తే ఉక్కు రజను దానికి అంటుకుంటుంది. ఏమీ మెరవకపోతే సగం గుండె నిబ్బరం. అప్పుడు స్కానరు పెట్టి రైలు ఒత్తిడి చూడాలి. ప్రతి నాజిల్ తిరుగు పైపునూ ఒక చిన్న సీసాలోకి వదిలి, కొంతసేపు నడిపి, సీసాల్లోని మట్టం పోల్చాలి. ఏ సీసా ముందు నిండితే ఆ నాజిల్ అరిగింది. ఇంజను ఆయిల్ కర్ర తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన వచ్చినా, మట్టం పెరిగినా ఆయిల్ మార్చాలి.

రజను కనబడితే మాత్రం ఒక్క పంపు మార్చి సరిపెట్టమని మెకానిక్‌ను బతిమాలకండి. పైపుల్లో మిగిలిన రజను కొత్త పంపునూ నాజిళ్లనూ మళ్లీ తినేస్తుంది. ట్యాంకు దించి కడగాలి. పంపు, రైలు, నాజిళ్లు అన్నీ విప్పి పరీక్షించాలి. బాధగానే ఉంటుంది కానీ రెండుసార్లు కట్టే డబ్బు కంటే తక్కువ. బాగుచేశాక కొన్నాళ్లకు ఫిల్టరు మరొకసారి మార్చండి. పొగలో కాలుష్యం తగ్గించడానికి వేరే ట్యాంకులో పోసే డీఈఎఫ్ అనే యూరియా నీటిని డీజిల్ ట్యాంకులో పోస్తే ఇంతకంటే ప్రమాదం. అది గడ్డకట్టి స్ఫటికాలవుతుంది. అప్పుడు కూడా తాళం ముట్టుకోకూడదు.

డబ్బు సంగతి. మామూలు వాహన బీమా యంత్రం చెడిపోవడాన్ని కవర్ చేయదు, కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోకుండా బంకులోనే ఆధారాలు పోగుచేయండి. బిల్లు, గన్ను ఫొటో, పంపు మీద లీటర్ల అంకె ఫొటో, బండి నంబరు కనబడేలా మరొకటి. బంకులో ఉండే ఫిర్యాదుల పుస్తకంలో సమయంతో సహా రాసి, ఆ పేజీని ఫొటో తీసుకోండి. ట్యాంకు ఖాళీ చేసేటప్పుడు బంకు మనిషిని పక్కన ఉంచి, ఎన్ని లీటర్లు వచ్చిందో కాగితం మీద సంతకం తీసుకోండి. విప్పిన ఫిల్టరునూ పాడైన భాగాలనూ మూటకట్టి ఉంచండి. బంకు ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కి ఫోను చేయండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి 2019 చట్టం ప్రకారం రెండేళ్ల గడువు ఉంటుంది.