కొత్త తాబేలు తల బయటపెట్టి మేత ముట్టేదాకా

పిల్లల పోరు పడలేక ఇంటికి తెచ్చుకున్న తాబేలు మొదటి వారమంతా చిప్పలోకి ముడుచుకుని కూర్చుంటే, దానికి జబ్బు చేసిందేమోనన్న అనుమానం ముందు వస్తుంది, పెట్టిన ఆకు నచ్చలేదేమోనన్న అనుమానం ఆ వెనుక వస్తుంది. ఈ రెండవ అనుమానంతోనే పొద్దున పెట్టిన ఆకును సాయంత్రం మార్చి, మర్నాడు పండు పెట్టి, ఆ మర్నాడు ఏకంగా దానిని చేతిలోకి తీసుకుని మూతి ముందు ఆకు ఊపి, బెదిరిన ప్రాణిని మరింత బెదరగొడతారు. తాబేలు మనలాగా ఒంట్లోనే వేడి పుట్టించుకోలేదు. బయటి నుంచి చాలినంత వేడి అందితే తప్ప దాని పేగులు సరిగా పనిచేయవు, ఆకలీ పుట్టదు. దాక్కునే చోటు దొరికితే తప్ప దాని భయం తీరదు. అందుచేత మేత మార్చడం అన్నిటికంటే చివర చేయవలసిన పని. వేడి, చాటు, నీరు ముందుగా అమర్చి, ఆపైన దాని జోలికి పోకుండా ఉండగలిగితే, ఆరోగ్యంగా ఉన్న తాబేళ్లలో చాలావరకు తమంతట తామే తినడం మొదలుపెడతాయి.

నేను రాస్తున్నది అమెరికాలో రష్యన్ టార్టాయిస్ అనే పేరుతో అమ్మే మెట్ట తాబేలు గురించి. డాలస్ పరిసరాలలోని మా ఇంట్లో ఆ జాతి మగ తాబేలు ఒకటి నాలుగేళ్లుగా ఉంటోంది. పేరులో రష్యా ఉన్నా దాని పుట్టినిల్లు ఉజ్బెకిస్తాన్, కజకిస్తాన్ వంటి మధ్య ఆసియా దేశాలలోని పొడి నేలలు. పూర్తిగా పెరిగినా జానెడుకు మించదు. ఒక్కొక్క కాలికి నాలుగేసి గోళ్లు ఉంటాయి; వాటితో నేల తవ్వి బొరియ చేసుకుని, మండు వేసవినీ గడ్డకట్టే చలికాలాన్నీ ఆ బొరియలోనే గడుపుతుంది. మనుషుల కంటే ముందు చంద్రుణ్ణి చుట్టి వచ్చిన ప్రాణులలో ఈ జాతి తాబేళ్లు రెండు ఉన్నాయి: 1968 సెప్టెంబరులో సోవియట్ వారి జోండ్-5 నౌకలో వెళ్లి, హిందూ మహాసముద్రంలో దిగి, పదవ వంతు బరువు తగ్గినా ఆకలి తగ్గకుండా బయటపడ్డాయి. అంత ప్రయాణం తట్టుకున్న జాతి మన గదిలో మేత ముట్టడం లేదంటే ముందుగా గదిలోని లోపమే వెతకాలని నా అభిప్రాయం.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో ఉన్నవారు ఇది చదివి మన పొలాల గట్ల మీద కనిపించే నక్షత్ర తాబేలును ఇంటికి తెచ్చుకోకూడదు. శ్రీకూర్మం ఆలయ ప్రాంగణంలో వాటిని చూసినవారికి ఇంట్లో ఒకటి ఉంటే కలిసివస్తుందన్న ఆశ కలగవచ్చు గాని, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటిని పట్టడం, కొనడం, పెంచడం నేరం. 2022 సవరణతో ఆ జాతిని ఒకటవ షెడ్యూలులోనే చేర్చారు. ఎవరైనా ఇవ్వజూపితే అటవీ శాఖకు తెలియజేయాలి.

ఇక గూడు సంగతి. మాకు తాబేలును అమ్మిన దుకాణంవారు దానితోపాటు చేపల తొట్టిలాంటి అద్దాల పెట్టె ఒకటి అంటగట్టారు. తాబేలుకు అద్దమంటే ఏమిటో తెలియదు. అవతల కనిపిస్తున్న చోటికి పోలేక రోజంతా గోడ వెంబడి గోకుతూ తిరుగుతుంది, లేదా నాలుగు వైపులా కదిలే మనుషులను చూసి మూలన ముడుచుకుంటుంది. మా తాబేలు ఆ రెండు పనులూ చేసింది. నాలుగు అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు గోడలు గల చెక్క తొట్టి మొదట్లో సరిపోతుంది. ముందు ముందు ఇంతకు రెట్టింపు చోటు ఇవ్వగలిగితే మరీ మంచిది. అప్పటికే అద్దాల పెట్టె కొన్నవారు దానిని పారవేయనక్కరలేదు, గోడలకు బయటి వైపు అట్ట అంటించి అవతలిది కనబడకుండా చేస్తే మొదటి కొద్ది రోజులకు సరిపోతుంది.

తొట్టిలో ఎరువులు కలపని తోట మట్టిని, కొబ్బరి పొట్టును కలిపి కనీసం ఆరు అంగుళాల మందాన పరవాలి. దేవదారు చెక్క పొట్టు వాసన ఊపిరితిత్తులకు మంచిది కాదు, వట్టి ఇసుక మేతతో కలిసి కడుపులోకి పోతుంది, కనుక ఆ రెండూ వద్దు. కింది పొరను కాస్త తేమగా ఉంచి, పైపొరను పొడిగా వదిలితే తవ్వుకోవడానికి వీలుగా ఉంటుంది. చాటు కోసం పగిలిన పూలకుండీని బోర్లించినా చాలు. అయితే ఒక్క చాటు సరిపోదు. చల్లగా ఉండే వైపు ఒకటి, వెచ్చని వైపు ఒకటి పెట్టాలి; లేకపోతే భయపడ్డ తాబేలు చల్లని చాటులోనే పడి ఉండి, ఒళ్లు వెచ్చబడక, ఆకలి వేయక, ఆ నీరసంతో మళ్లీ అక్కడే పడి ఉంటుంది.

మేత ముట్టకపోవడానికి నేను ఎక్కువగా చూసిన కారణం వేడి చాలకపోవడమే. తొట్టికి ఒక చివర పైనుంచి బల్బు వేలాడదీసి, దాని కింద తాబేలు వీపు ఎత్తులో 95 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 35 డిగ్రీల సెల్సియస్, ఉండేలా చూడాలి. రెండవ చివర 70 నుంచి 75 ఫారెన్‌హీట్ మధ్య ఉండాలి. వేడి ఎంతుందో చేయి పెట్టి అంచనా కట్టకూడదు, గోడకు అతికించే గుండ్రటి ముల్లు మీటరునూ నమ్మకూడదు. పిస్తోలులా గురిపెట్టి చూసే థర్మామీటరు ఇరవై డాలర్లలోపే దొరుకుతుంది. వేడి బల్బుతో పాటు యూవీబీ అనే రకం అతినీలలోహిత కిరణాలనిచ్చే పొడవాటి ట్యూబు లైటు తప్పనిసరి. ఆ కిరణాలు లేకపోతే తాబేలు శరీరంలో డి విటమిన్ తయారు కాదు, తిన్న కాల్షియం ఒంటబట్టదు, చిప్ప మెత్తబడుతుంది. కిటికీ అద్దం ఆ కిరణాలను ఆపేస్తుంది గనుక కిటికీలోంచి పడే ఎండ దీనికి బదులు కాదు. ట్యూబు వెలుగుతున్నంత మాత్రాన కిరణాలు వస్తున్నట్టు కాదు, ఏడాదికి ఒకసారైనా మార్చాలి. రెండు దీపాలనూ పగలు పన్నెండు గంటలు వెలిగించి రాత్రి పూర్తిగా ఆర్పేయాలి.

నీరు చాలామంది మరిచిపోతారు. ప్రయాణం చేసి వచ్చిన తాబేలు ఒంట్లో నీరు తగ్గి ఉంటుంది, అటువంటప్పుడు మేత మీదికి మనసు పోదు. మొదటి వారం రోజూ ఉదయం ఒక ప్లాస్టిక్ టబ్బులో గోరువెచ్చని నీరు, తాబేలు గడ్డం తడిసేటంత లోతు మాత్రమే పోసి, పావుగంట నుంచి ఇరవై నిమిషాల వరకు దానిని అందులో ఉంచాలి. మొదటి రెండు నిమిషాలు గోడ ఎక్కబోతుంది. ఆ తరువాత నిలబడి, ముక్కు నీటిలో ముంచి, గొంతు కింది చర్మం ఎగిసిపడుతుండగా చాలాసేపు తాగుతుంది. తాగిన కాసేపటికి తోక కింద నుంచి తడి సున్నంలాంటి తెల్లని ముద్ద పడితే కంగారు పడనక్కరలేదు, అది దాని మూత్రంలోని భాగమే. ఆ తెలుపు వేళ్ల మధ్య ఇసుకలా గరగరలాడితే మాత్రం ఒంట్లో నీరు ఇంకా చాలలేదని గుర్తు. వారం దాటాక పెద్ద తాబేలుకు ఈ స్నానం వారానికి రెండుసార్లు సరిపోతుంది.

ఈ స్నానానికి తప్ప మొదటి పదిహేను రోజులు దానిని ఎత్తుకోకూడదు. ఆరుబయట బతికే తాబేలుకు పైనుంచి వచ్చే నీడ అంటే గద్ద కావచ్చు, కాకి కావచ్చు. మన చేయి కూడా అలాగే దిగుతుంది. పక్క నుంచి నెమ్మదిగా చేరి, రెండు చేతులతో పక్కలు పట్టుకుని, నేలకు సమాంతరంగా ఎత్తాలి. పిల్లలకు ఈ నియమం చెప్పి ఒప్పించడం కష్టమే. మా ఇంట్లో తొట్టి పక్కన ఒక పీట వేసి, పీట మీద కూర్చుని చూడవచ్చు గాని లేచి చేయి పెట్టకూడదన్న కట్టుబాటు చేశాము. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, స్నానపు టబ్బును వంటింటి సింకులో కడగకూడదు. తాబేళ్ల ఒంటి మీద సాల్మొనెల్లా క్రిమి ఉంటుంది; పిల్లలకు అది సోకుతోందనే అమెరికా ప్రభుత్వం నాలుగు అంగుళాల కంటే చిన్న చిప్ప గల తాబేళ్లను పెంపకానికి అమ్మడాన్ని 1975లో నిషేధించింది.

ఇప్పుడు మేత. ఈ జాతి పీచు ఎక్కువగా, తీపి తక్కువగా ఉండే కలుపు ఆకులు తిని బతికేది. పచ్చికలో పసుపు పూలు పూసే డాండెలైన్ అనే కలుపు మొక్క ఆకులు, పూలు అన్నిటికంటే మేలు. మందార ఆకులు, పూలు, మల్బరీ ఆకులు, ద్రాక్ష ఆకులు కూడా అంతే మంచివి. టెక్సస్‌లో మెక్సికన్ సరుకుల దుకాణాలలో ముళ్లు తీసిన నాగజెముడు మట్టలు నోపాల్ పేరుతో చవకగా దొరుకుతాయి, అవి వారానికి రెండుసార్లు పెట్టవచ్చు. ఏవీ దొరకనప్పుడు ఎండైవ్, ఎస్కరోల్, రాడికియో వంటి సలాడు ఆకులతో గడపవచ్చు. పచ్చిక బయళ్ల నుంచి కోసేటప్పుడు మాత్రం జాగ్రత్త అవసరం, ఎందుకంటే మన కాలనీలలో డాండెలైన్ కనబడగానే కలుపు మందు కొట్టించేస్తారు. నర్సరీ నుంచి తెచ్చిన మందార మొక్కకు కూడా పురుగు మందు కొట్టి ఉంటారు గనుక, కొన్ని నెలలు ఇంట్లో పెంచి కొత్త చిగుళ్లు వచ్చాకే వాడాలి.

మన వంటింటి ఆకుకూరలన్నీ దీనికి పనికిరావు. పాలకూర, బచ్చలికూర, గోంగూరలలో ఉండే ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియాన్ని ఒంటబట్టనివ్వదు. తోటకూర ఎప్పుడైనా ఒకసారి పెడితే పెట్టవచ్చు. ఊరి నుంచి వచ్చిన మా అత్తగారు పాపం ఆకలితో ఉందని జాలిపడి అరటిపండు పెట్టారు, అది ఆవురావురుమంటూ తిన్నది, మూడు రోజులు విరేచనాలు చేసుకున్నది. పండ్లలోని తీపి దాని కడుపుకు పడదు, పైగా ఆ రుచి మరిగితే ఆకు వైపు చూడదు. అన్నం, పెరుగు, రొట్టె, కుక్కల మేత ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకూడదు. ఉల్లి, అవకాడో, రూబార్బ్ హాని చేస్తాయి. వారానికి మూడు నాలుగుసార్లు ఆకుల మీద చిటికెడు కాల్షియం పొడి చల్లాలి. మన మూలికల కొట్లలో సముద్రపు నురుగు అని అమ్మే తెల్లని పెంకును ఇక్కడ పక్షుల సామాను అమ్మేచోట కటిల్‌బోన్ అంటారు. దానిని తొట్టిలో పడేస్తే తనకు కావలసినప్పుడు కొరుక్కుంటుంది.

తినిపించే పద్ధతి కూడా ముఖ్యమే. దీపం వెలిగించిన గంటకు, ఒళ్లు వెచ్చబడ్డాక, దాదాపు దాని చిప్పంత కుప్ప ఆకులను చదునైన రాతి పలక మీద పెట్టాలి. ఆ పలకను చాటుకు, వేడి చోటుకు మధ్య దారిలో ఉంచి, రోజూ అదే వేళకు అదే చోట పెట్టాలి. అంతకుముందు అది ఏమి తినేదో అమ్మినవారిని అడిగి, మొదటి రోజులలో ఆ మేతనే సన్నగా తరిగి కొత్త ఆకులలో కలపాలి. ఆకుల మీద కాసిని నీళ్లు చిలకరిస్తే వాసన లేస్తుంది. పసుపు, ఎరుపు రంగులు తాబేళ్లను ఆకర్షిస్తాయి గనుక పైన ఒక పువ్వు పెట్టడం మంచిది. పెట్టిన వెంటనే అక్కడి నుంచి లేచిపోవాలి.

మా తాబేలు తొమ్మిదవ రోజున మొదటిసారి తిన్నది. గది అవతలి నుంచి చూస్తున్నాను. కుండీ కింద నుంచి ముందు ముక్కు, తరువాత ఒక కన్ను బయటికి వచ్చి అక్కడే ఆగిపోయాయి. ఎంతోసేపటికి మెడ సాగదీసి, పలక మీది డాండెలైన్ పువ్వును వాసన చూసి, నోరు తెరిచి కొరకబోతే పట్టు తప్పింది. రెండవసారి పువ్వు సగం తెగింది. అంతలో ఫ్రిజ్ తలుపు చప్పుడైతే నోట్లో ఉన్నదానితో సహా లోపలికి వెళ్లిపోయింది. మనం చూడనప్పుడు కూడా తిన్నదీ లేనిదీ తెలుసుకోవచ్చు: పక్షి ముక్కులాంటి దాని మూతితో కొరికిన ఆకు అంచున అర్ధచంద్రాకారంలో చిన్న గాటు ఉంటుంది.

పెద్ద తాబేలు కళ్లు తేటగా ఉండి, కాళ్లలో బలం ఉండి, నీళ్లు తాగుతూ ఉంటే పది రోజుల నుంచి రెండు వారాల వరకు తినకపోయినా ఓపిక పట్టవచ్చు. పిల్ల తాబేలు అయితే మూడు నాలుగు రోజులకు మించి ఆగకూడదు. వంటింటి తూకం మీద వారానికి ఒకసారి, స్నానానికి ముందు, ఒకే వేళకు తూచి పుస్తకంలో రాసుకోవాలి. పదవ వంతు బరువు తగ్గినా, ముక్కు కారినా, నోరు తెరిచి ఊపిరి పీల్చినా, కళ్లు గుంటలు పడినా, రోజుల తరబడి తెరవకపోయినా ఇక ఇంటి ప్రయత్నాలు చాలించాలి. శరదృతువులో తెచ్చిన తాబేలు పగటి వెలుగు తగ్గుతున్న కొద్దీ చలికాలపు నిద్రకు సిద్ధపడుతూ మేత తగ్గించవచ్చు. దాని ఆరోగ్యం మనకు తెలియని మొదటి ఏడాది దీపాల వేళ తగ్గించకుండా దానిని మెలకువగానే ఉంచడం క్షేమం.

కుక్కలను, పిల్లులను మాత్రమే చూసే డాక్టరు దగ్గరికి కాక సరీసృపాలకు వైద్యం చేసేవారి దగ్గరికే తీసుకువెళ్లాలి. వెళ్లేటప్పుడు ఆ రోజు వేసిన పెంట కొద్దిగా జిప్ సంచిలో వేసుకుని, బరువులు రాసిన పుస్తకం, తొట్టి ఫోటోలు, రెండు చివరల వేడి అంకెలు వెంట తీసుకువెళితే డాక్టరు అడిగే ప్రశ్నలలో సగానికి జవాబు దొరుకుతుంది. మా తాబేలుకు ఆ పెంట పరీక్షలోనే పేగులలో నులిపురుగులు ఎక్కువగా ఉన్నట్టు తేలింది. రెండు వారాల ఎడంతో రెండు మోతాదుల మందు వేశాక పలక మీద ఆకు మిగలడం మానేసింది.