అలాయ్‌కి పెయింట్ నిలవట్లేదా? ముందు ఒక మగ్గు నీళ్లు పోసి చూడండి

ఇంట్లో అలాయ్ వీల్‌కి పెయింట్ కొట్టి పాడుచేసుకున్నవాళ్లు ఎవరొచ్చినా నేను అడిగేది ఒక్కటే: స్ప్రే కొట్టేముందు నీళ్లు పోసి చూశారా? లేదంటారు. థిన్నర్‌తో తుడిచాం, గరుకు కాగితం పట్టాం, మంచి కంపెనీ డబ్బానే కొన్నాం అంటారు. నీళ్లు మాత్రం ఎవరూ పోయరు. పైసా ఖర్చు లేని పని కదా, అందుకే దానికి విలువ లేదనుకుంటా.

వీల్ విప్పడం, జాకీ పెట్టడం, టైరుకీ రిమ్ముకీ మధ్య పేకముక్కలు దోపి మాస్కింగ్ చేయడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

పెయింట్ పడగానే చిన్న చిన్న గుంటలు

రంగు పడుతుంది. రెండు మూడు సెకన్లలో అక్కడక్కడా గుండ్రంగా విడిపోతుంది, మధ్యలో కింది పొర కనిపిస్తుంది. పెయింటర్లు దీన్ని ఫిష్ ఐ అంటారు, లేదంటే 'సిలికాన్ పట్టింది' అంటారు. రెండో మాటలోనే కారణం ఉంది.

ఆ సిలికాన్ ఎక్కడిదంటే టైర్ పాలిష్‌ది. వాటర్ వాష్‌కి ఇచ్చిన ప్రతిసారీ టైరు నల్లగా మెరవాలని కొడతారే, అదే. టైరు మీద కొట్టింది రిమ్ము అంచుకి అంటుతుంది, కారు కదిలితే చిమ్మి స్పోకుల మీద కూడా పడుతుంది. కంటికి కనపడదు, చేతికి తెలియదు. సాండింగ్‌తో పోతుందని చాలామంది నమ్మకం. పోదు. కడగకుండా కాగితం పడితే ఆ జిడ్డు గీతల్లోకి ఇంకా లోతుగా దిగుతుంది. అందుకే వరస ఇలా ఉండాలి: ముందు కడగాలి, జిడ్డు తీయాలి, ఆ తర్వాతే సాండింగ్, మళ్లీ జిడ్డు తీయాలి. నాకు తెలిసినవాళ్లలో సగం మంది మొదటి రెండూ వదిలేసి మూడోదానితో మొదలుపెడతారు.

జిడ్డు తీయడానికి కిరోసిన్, పెట్రోలు వద్దు. రెండూ ఆరాక సన్నటి పొర వదులుతాయి. పెయింట్ షాపులో వ్యాక్స్ అండ్ గ్రీజ్ రిమూవర్ అని అడగండి. రెండు గుడ్డలు కావాలి. ఒకదానితో తడిగా రాసి, అది ఆరకముందే రెండోదానితో తుడిచేయాలి. ఆరిపోనిస్తే జిడ్డు మళ్లీ అక్కడే కూర్చుంటుంది. ఒకే గుడ్డతో వీల్ అంతా తుడిస్తే శుభ్రం చేసినట్టు కాదు, సిలికాన్‌ని నాలుగు వైపులా పంచినట్టు. చేతికి గ్లవ్స్ వేసుకోండి. పొద్దున తలకు నూనె రాసుకున్న చేత్తో రిమ్ము పట్టుకుంటే ఏ వేలు ఎక్కడ ఆనిందో ప్రైమరే, అంటే రంగుకి ముందు వేసే అడుగు పొరే, చూపిస్తుంది.

ఇప్పుడు నీళ్లు. మగ్గుతో శుభ్రమైన నీళ్లు పైనుంచి పోయండి. పలచటి పొరలా ఆగకుండా జారాలి. తామరాకు మీద నీళ్లలా ముత్యాలు కట్టినా, ఎక్కడైనా పొర చీలిపోయినా అక్కడ జిడ్డుంది. ఇందులో ఒక మోసం ఉంది. గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడిగి సరిగా జాడించకపోతే, మిగిలిన సబ్బు వల్ల జిడ్డున్నా నీళ్లు చక్కగా పరుచుకుంటాయి. అప్పుడు పరీక్ష అబద్ధం చెబుతుంది. కనీసం మూడు సార్లు జాడించాకే నమ్మండి.

ఇవన్నీ చేసి కూడా నేను మోసపోయాను. మా బావమరిది కారు వీల్స్, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో. మొదటిసారి గుంటలు పడ్డాయి. గీకేసి మళ్లీ కొట్టాను, మళ్లీ పడ్డాయి. డబ్బాది తప్పనుకుని వేరేది కొన్నాను. మూడోసారీ అంతే. ప్రతిసారీ నీళ్లు పోసి చూశాను, ప్రతిసారీ పాసే. నాలుగోరోజు పొద్దున తల పట్టుకుని కూర్చుంటే, మూడు కార్ల అవతల కార్లు తుడిచే కుర్రాడు డ్యాష్‌బోర్డ్ పాలిష్ కొడుతూ కనిపించాడు. అదీ స్ప్రే డబ్బానే, అందులోనూ సిలికానే. నేను రాత్రి కడిగి, పరీక్ష చేసి, పొద్దున ప్రైమర్ కొడుతున్నాను. మధ్యలో ఆ స్ప్రే తుంపరంతా గాల్లో తేలి వచ్చి నా వీల్స్ మీద వాలుతోంది. అతన్ని ఏమనగలం, అతని పని అతను చేసుకుంటున్నాడు. వీల్స్ టెర్రస్ మీదికి మోసుకెళ్లి నీడపట్టున కొడితే ఒక్క గుంట లేదు.

కాబట్టి పరీక్ష రాత్రి కాదు, పెయింట్ కొట్టడానికి గంట ముందు చేయాలి. తర్వాత బోల్టు రంధ్రాల్లో, వాల్వ్ దగ్గర నీటిచుక్క మిగలకుండా హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి, రెండు గుడ్డలతో చివరిసారి తుడిచి వెంటనే మొదలుపెట్టండి. పంక్చర్ షాపు కంప్రెసర్ గాలితో ఆరబెట్టాలని చూడకండి. ఆ గాలిలో నూనె, నీరు రెండూ ఉండొచ్చు.

గుంటలు అప్పటికే పడి ఉంటే ఆగండి. పైన ఇంకో కోటు దట్టంగా వేస్తే పూడతాయని మన ఆశ, అవి పూడవు. ఒకటీ రెండూ ఉంటే, ఆరాక దుమ్ములా పలచగా కొడితే ఒక్కోసారి కప్పుకుంటాయి. పదీ ఇరవై ఉంటే పూర్తిగా ఆరనిచ్చి, ముందు జిడ్డు తీసి, ఆ పొరను గీకేసి మొదటినుంచి రావాల్సిందే. పెయింట్‌లో కలిపే ఫిష్ ఐ మందు ఉంటుంది, కానీ చాలావరకు అదీ సిలికానే. ఇంట్లో దాని జోలికి వెళ్లకండి.

గోటితో గీస్తే రేకుల్లా ఊడుతోంది

మెరిసే అల్యూమినియం మీద మామూలు ప్రైమర్ నేరుగా కొట్టి ఉంటారు. ముఖాన్ని మెషిన్‌తో చెక్కి మెరిపించిన డైమండ్ కట్ వీల్స్‌లో ఇది మరీ ఎక్కువ. లోహం బయటపడిన చోటల్లా ముందు ఎచ్ ప్రైమర్ (లోహాన్ని కాస్త కొరికి పట్టుకునే రకం) పలచగా పడాలి. అది కొట్టేముందు 320 లేదా 400 నంబరు గరుకు కాగితంతో మెరుపు చచ్చేదాకా రుద్దాలి. గాలి తగలగానే అల్యూమినియం మీద ఆక్సైడ్ పొర కడుతుంది, అందుకే రుద్దిన రోజే ప్రైమర్ వేయాలి.

రెండు మూడు నెలలకి అంచుల్లో బుడగలు

లోపల తెల్ల పొడి మిగిలిపోయింది. అది అల్యూమినియానికి పట్టే తుప్పు. పుట్టీ పెట్టి కప్పేస్తే కిందనుంచి పాకుతూనే ఉంటుంది. 80 నంబరు కాగితంతో మొదలుపెట్టి శుభ్రమైన లోహం కనపడేదాకా తీయండి.

రెండో కోటుకి ముడతలు

డబ్బా మీద రెండో కోటు ఎప్పుడు వేయాలో రాసి ఉంటుంది. చదవలేదు, అంతే. ఆ గడువు దాటితే కింది పొర గట్టిపడేదాకా ఒకటి రెండు రోజులు, కొన్నిటికి ఇంకా ఎక్కువే, ఆగాలి. ఎనామెల్ మీద 2కె క్లియర్ (హార్డెనర్ కలిపి, రంగు పైన వేసే పారదర్శక పొర) కొట్టినా ఇలాగే ముడుచుకుంటుంది. 2కెలో ఊపిరితిత్తులకి హాని చేసే ఐసోసయనేట్లు ఉంటాయి, గుడ్డ కట్టుకుని కొట్టే సరుకు కాదు. సరైన మాస్కు, ధారాళంగా గాలి లేకపోతే హార్డెనర్ లేని 1కె చాలు.

క్లియర్ పాలలా తెల్లబడింది

వానాకాలం. గాల్లో తేమ. పొడిగా ఉన్న రోజు పలచగా ఇంకో కోటు కొడితే చాలాసార్లు విడుతుంది. కారిన మరకలైతే ఆరాక 1000 కాగితం, నీళ్లు.

బిగించాక స్టీరింగ్ వణుకు, నట్లు వదులు

వణుకైతే ముందు బ్యాలెన్సింగ్ వెయిట్లు చూడండి, గీకేటప్పుడు ఊడి ఉంటాయి. నట్లు మాత్రం ప్రాణాల మీదికొచ్చే సంగతి. నట్టు కూర్చునే చోట, వీల్ వెనక హబ్‌కి ఆనే ముఖం మీద పెయింట్ ఉండకూడదు. అక్కడి పొర నలిగిపోయి నట్టు బిగువు తగ్గుతుంది. అక్కడ రంగు పడి ఉంటే గీకేయండి. కారు పుస్తకంలో ఉన్న టార్క్‌కి (బిగింపు బలానికి) బిగించి, 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ టార్క్ రెంచ్ పెట్టి చూడండి. టైరు కూర్చునే అంచు మీద రంగు పడితే గాలి మెల్లగా దిగుతుంది, దానికీ గీకడమే మందు.

డబ్బా నాసిరకం, రంగు కలవలేదు లాంటివి వందలో ఒకటి. వీల్‌లో పగులు కనిపిస్తే మాత్రం దానికి పెయింట్ వద్దు, వేరే వీల్ కొనండి.