మోకాలిలో స్ఫటికాలు పేరుకున్నవారు తిరుమల మెట్లెక్కే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

అరవై ఏళ్లు దాటినవారు కాలినడకన కొండకు వస్తామని మొక్కుకుని ఉంటే, అలిపిరి దారిలోని సుమారు 3,550 మెట్లకు గాని, శ్రీవారి మెట్టు దారిలోని 2,388 మెట్లకు గాని సిద్ధపడే ముందు, కొన్ని వారాలు ముందుగానే మోకాళ్లను వైద్యునికి చూపించుకోవాలి. ఎముకల చివరలను కప్పి ఉంచే మెత్తని పొర అయిన మృదులాస్థి ఎక్స్‌రేలో సాధారణంగా కనిపించదు; రెండు ఎముకల నడుమ నల్లని ఖాళీలా ఉండే ఆ చోట, ఎముక అంచు వెంబడే సన్నని తెల్లని గీత కనిపిస్తే, అక్కడ కాల్షియం పైరోఫాస్ఫేట్ స్ఫటికాలు పేరుకుని ఉండవచ్చు.

మృదులాస్థి కణాల నుంచి వెలుపలికి వచ్చిన ఏటీపీ (కణాలకు శక్తినిచ్చే పదార్థం) విడిపోయినప్పుడు పైరోఫాస్ఫేట్ పుడుతుంది. దానిని ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ ఎప్పటికప్పుడు విరగ్గొడుతుంది, ఆ ఎంజైమ్ పనిచేయడానికి మెగ్నీషియం అవసరం. వయసు మీరడం, పాత దెబ్బలు, మెగ్నీషియం తగ్గడం, మెడలోని పారాథైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయడం, ఒంట్లో ఇనుము మితిమీరడం వంటి కారణాలతో ఈ సమతూకం చెడితే, మిగిలిపోయిన పైరోఫాస్ఫేట్ కాల్షియంతో కలిసి గట్టిపడుతుంది. అంటే లోపం పైరోఫాస్ఫేట్ మిగిలిపోవడంలో ఉంది గాని, తినే కాల్షియంలో కాదు. కాబట్టి ఈ స్ఫటికాలకు భయపడి పాలు, రాగి సంగటి మానేయడం వల్ల ఫలితం లేదు. పెద్దవాళ్ల చేత ఇంట్లోవాళ్లే అవి మానిపించడం చూస్తే బాధ కలుగుతుంది.

చాలామందికి ఏ నొప్పీ ఉండదు. స్ఫటికాలు కీలు లోపలికి రాలినప్పుడే తెల్ల రక్తకణాలు వాటిపై విరుచుకుపడి, కొద్ది గంటల్లో మోకాలు వాచి, వేడెక్కి, కాలు కింద మోపలేని స్థితి వస్తుంది. దెబ్బ తగలడం, మరో జబ్బు చేయడం, ఒంట్లో నీరు తగ్గడం దీనికి దారితీయవచ్చు. అందువల్ల ఎండ ముదరకముందే బయలుదేరి, దారి పొడవునా నీళ్లు తాగుతూ, ఆగి ఆగి ఎక్కాలి. మోకాళ్ల పర్వతం దగ్గర మోకాళ్లపై ఎక్కే మొక్కును ఇలాంటివారు పెట్టుకోకూడదు. దిగేటప్పుడు బస్సే మేలు. బీపీకి మూత్రం ఎక్కువగా వచ్చే మాత్రలు వాడేవారు వాటిని సొంతంగా ఆపకుండా, అవి మెగ్నీషియాన్ని తగ్గించవచ్చు కనుక, మెగ్నీషియం పరీక్ష గురించి వైద్యుని అడగాలి.

దారిలోనే మోకాలు వాస్తే నడక అక్కడితో ఆపి, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టాలి. నూనె రాసి గట్టిగా మర్దన చేయకూడదు. జ్వరమో చలివణుకో తోడైతే కీలులో చీము పట్టి ఉండవచ్చు, పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. సూదితో నీరు తీసి పరీక్షిస్తే గాని తేడా తేలదు కనుక, ఆ రోజే ఆసుపత్రికి చేరాలి. కిడ్నీ జబ్బు ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే వాపు తగ్గించే కొల్చిసిన్ అనే మందు మోతాదు దాన్ని బట్టే నిర్ణయిస్తారు.