నీరసం అని వచ్చిన పిల్లకి బాటిల్ పెట్టేముందు

మన గోదావరి జిల్లాల్లో క్యాజువాలిటీ డ్యూటీ చేసినవాళ్ళందరికీ తెలిసిందే ఇది, రాత్రి పదింటికి బైక్ మీద మధ్యలో కూర్చోబెట్టుకుని ఓ అమ్మాయిని తెస్తారు, "నీరసం డాక్టరుగారండీ, కళ్ళు తిరిగి పడిపోయింది, ఓ సెలైన్ ఎక్కించెయ్యండి" అంటారు, మనం గ్లూకోజ్ బాటిల్ తగిలించి తెల్లారి పంపించేస్తాం. నేను పనిచేసిన ఒకచోట అలా రెండుసార్లు పంపించేసిన పిల్ల మూడోసారి వచ్చేసరికి రక్తంలో పొటాషియం 2.1, గుండెకే ప్రమాదం అన్నంత తక్కువ. తిన్నదంతా బాత్రూంలోకెళ్ళి కక్కేస్తోందని అప్పటిదాకా ఎవరం అడగలేదు, నాతో సహా.

ముందు ఇది ఈటింగ్ డిజార్డరేమో, అంటే తిండి మానెయ్యడం, తిన్నది కావాలని కక్కెయ్యడం లాంటి జబ్బేమో అని అనుమానం రావాలండి. ఇంట్లోవాళ్ళు గ్యాస్ట్రిక్ అంటారు, దిష్టంటారు, కార్తీకమాసం ఉపవాసాలంటారు, ఉపవాసం నిజమే కావచ్చు గానీ మాసం అయిపోయాక కూడా తినకపోతే ఆలోచించాలి. చేతులు చూడండి, గొంతులో వేళ్ళు పెట్టుకుని కక్కేవాళ్ళకి వేలి కణుపుల మీద కాయలు కాసుండొచ్చు. బుగ్గలు గవదబిళ్ళలొచ్చినట్టు చెవుల కింద ఉబ్బుతాయి, పళ్ళు లోపలివైపు అరిగిపోతాయి, ఒంటి మీద సన్నటి నూగు. నెలసరి ఆగిందేమో అడగండి. సన్నగా లేదు కదా అని వదిలెయ్యొద్దు, లావుగా ఉండి తక్కువ టైంలో బాగా తగ్గినవాళ్ళకీ ఇదే ప్రమాదం, మగపిల్లలకీ వస్తుంది. టైప్ 1 షుగర్ ఉన్న పిల్ల మాటిమాటికీ డీకేఏతో (ఇన్సులిన్ చాలక రక్తంలో ఆమ్లాలు పేరుకుపోయే ప్రమాదస్థితి) వస్తుంటే బరువు తగ్గాలని ఇన్సులిన్ మానేస్తోందేమో కనుక్కోవాలి.

అమ్మానాన్నల్ని కాసేపు బయట కూర్చోమని, "ఏమ్మా, తిన్నాక భయమేస్తుందా, వాంతి చేసుకుంటున్నావా" అని మామూలుగా అడగండి, తిట్టినట్టు వద్దు. చచ్చిపోవాలనిపిస్తోందా అని కూడా సూటిగా అడగాలి, అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు.

తర్వాత ఈసీజీ. ఇది వాయిదా వెయ్యకండి. పల్స్ 40 కన్నా తక్కువ, టెంపరేచర్ 35.5 సెల్సియస్ కన్నా తక్కువ, షుగర్ 54 లోపు, నిలబడగానే పై బీపీ 20 పాయింట్ల కన్నా ఎక్కువ పడిపోయి కళ్ళు తిరగడం, క్యూటీసీ (గుండె లయ తప్పే ప్రమాదాన్ని చూపే ఈసీజీ కొలత) పెరగడం, వీటిలో ఏదున్నా ఇంటికి పంపే కేసు కాదు. గొంతుక్కూర్చోబెట్టి చేతులు ఆనకుండా లేవమనండి, లేవలేకపోతే కండ బాగా కరిగిపోయిందన్నమాట. రక్తం రిపోర్టులు నార్మల్ వచ్చినా నమ్మెయ్యొద్దు, చాలామందికి చివరిదాకా నార్మల్‌గానే ఉంటాయి. ఇంకోటి, ఎలక్ట్రోలైట్స్ అని రాస్తే మన ల్యాబుల్లో సాధారణంగా సోడియం, పొటాషియం, క్లోరైడ్ ఇచ్చి ఊరుకుంటారు, ఫాస్ఫరస్, మెగ్నీషియం విడిగా రాయాలి.

ఇప్పుడు అసలు బాటిల్ సంగతి. రోజుల తరబడి తిననివాళ్ళకి ఒక్కసారిగా గ్లూకోజ్ పడితే ఇన్సులిన్ పెరిగి ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి పోయి రక్తంలో పడిపోతాయి, గుండె ఆగొచ్చు, దీన్నే రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. గ్లూకోజ్ వాడుకోడానికి ఒంటికి థయామిన్ (విటమిన్ బి1) కూడా కావాలి, తిననివాళ్ళలో అది తక్కువుంటుంది, అందుకని ముందు థయామిన్. షుగర్ నిజంగా పడిపోతే గ్లూకోజ్ ఆపొద్దు, దాంతోపాటే థయామిన్ ఇచ్చి షుగర్ మళ్ళీ మళ్ళీ చూడండి, ఎందుకంటే లివర్‌లో నిల్వ లేక మళ్ళీ పడిపోతుంది. ఫ్లూయిడ్స్ నిదానంగా, గుండె కండ కూడా సన్నబడి ఉంటుంది, లీటర్లు గుమ్మరిస్తే తట్టుకోలేదు. వాంతులు ఆపే ఆన్‌డాన్‌సెట్రాన్ మందు ఇచ్చేముందు ఈసీజీ చూడాలి, ఆ మందు క్యూటీని ఇంకా పెంచుతుంది. పొటాషియం తక్కువుంటే కొబ్బరినీళ్ళు తాగించి సరిపెట్టడం కుదరదండి, మన కోనసీమలో ఆ సలహా ఇట్టే వచ్చేస్తుంది.

ఇంట్లోవాళ్ళకీ చెప్పండి, కళ్ళు తెరిచిందని ఆ రాత్రే ముద్దపప్పు, నెయ్యి కలిపి కుక్కి కుక్కి పెట్టొద్దని. ఎంత పెట్టాలో డాక్టరే చెప్పాలి, మొదటి నాలుగైదు రోజులు రోజూ రక్తం చూస్తూ పెంచాలి. "రెండు ముద్దలు తింటే ఏం పోయిందే" అన్న మామ్మగారిని మాత్రం మెల్లగా పక్కకి తీసుకెళ్ళండి, పాపం ఆవిడ బాధ ఆవిడది, కానీ ఇది మొండితనం కాదు, జబ్బు. మాట్లాడ్డానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు రాసివ్వండి, ఫోన్ ఉచితం.

కాకినాడో రాజమండ్రో పంపాల్సొస్తే 108 ఎక్కించేముందు చీటీ మీద ఎన్నాళ్ళుగా తినట్లేదు, వాంతి చేసుకుంటోందా, థయామిన్ ఎప్పుడిచ్చాం, ఈసీజీ, పొటాషియం ఎంత, అన్నీ రాయండి. ఉత్తినే "వాంతులు, నీరసం" అని రాస్తే అవతల కూడా మళ్ళీ అదే బాటిల్ పెట్టేస్తారు.