పాలిమర్ క్లే పూసలు రంగు మారకుండా ఇంట్లో బేక్ చేయడం ఎలా?

తెల్లగా లోపల పెట్టిన పూసలు బిస్కెట్ రంగులో బయటికొస్తే తప్పు చాలావరకు క్లేది కాదు, ఓవెన్‌ది. పాలిమర్ క్లే పేరుకే మట్టి. పీవీసీ అనే ప్లాస్టిక్ పొడి, దాన్ని మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్, రంగు కలిపిన ముద్ద అది. సరైన వేడి తగిలితే గట్టిపడుతుంది, వేడి హద్దు దాటితే కమిలిపోతుంది. తెలుపు, ట్రాన్స్‌లూసెంట్ (వెలుతురు కొంత లోపలికి పోనిచ్చేది), లేత రంగుల్లో ఆ కమురు ముందు కనబడుతుంది. నలుపులో కమిలినా తెలియదు.

1. ముందు ఓవెన్ సంగతి తేల్చుకోండి. ఓటీజీ (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్) నాబ్‌ని నమ్మవద్దు. అది 130 డిగ్రీల సెల్సియస్ చూపిస్తుంటే లోపల 150 దాటి ఉండొచ్చు. ఒక ఓవెన్ థర్మామీటర్ కొని, పూసలు ఉంచే ఎత్తులోనే పెట్టి, ఖాళీ ఓవెన్‌ను 20 నిమిషాలు వేడి చేసి చూడండి. మొదట్లో రాడ్లు ఎర్రగా కాలుతూ వేడి ఒక్కసారిగా ఎగబాకుతుంది కాబట్టి, ముల్లు నిలకడగా ఆగాకే ట్రే లోపల పెట్టాలి. అడుగున ఒక సిరామిక్ టైల్ ఉంచితే ఈ ఎగుడుదిగుళ్లు తగ్గుతాయి.

2. ఎంత వేడి అన్నది ప్యాకెట్ మీద ఉంటుంది. ఫిమో బ్రాండ్ క్లేకి 110 డిగ్రీలు, 30 నిమిషాలు. స్కల్పీ బ్రాండ్ ప్రీమో క్లేకి 135 డిగ్రీలు, ప్రతి 6 మి.మీ. మందానికి 30 నిమిషాలు.

3. లేత రంగులు ముందు చేసి, ముదురువి తర్వాత పట్టుకోండి. మధ్యలో చేతులు వెట్ వైప్‌తో తుడవాలి. క్లేకి అంటుకున్న నూలుపోగు బేక్ అయ్యాక మచ్చలా మిగిలిపోతుంది. టూత్‌పిక్‌ను తిప్పుతూ ఒకవైపు నుంచి సగం, రెండోవైపు నుంచి సగం గుచ్చితే రంధ్రం అంచు చీలదు.

4. గుండ్రటి పూసను నేరుగా ఇనుప ట్రే మీద పెడితే ఆనిన చోట చదునై మెరుస్తుంది, ఒక్కోసారి కమురుతుంది కూడా. వెడల్పాటి పాత్రలో రెండు సెంటీమీటర్ల మందాన వంటసోడా పోసి, పూసలు ఒకదానికొకటి తగలకుండా సగం వరకు దించండి. ఆ సోడాను మళ్లీ వంటకు వాడొద్దు.

5. పైన అల్యూమినియం ఫాయిల్‌ను గుడారంలా కప్పండి, పూసలకు తగలకూడదు. రాడ్ల సెగ నేరుగా పడకుండా చూసేది ఇదే. రంగు కాపాడే పనుల్లో దీనికి మించింది లేదు. పాత్ర మధ్య అరలోనే ఉండాలి.

6. సమయం అయ్యాక ఓవెన్ ఆపి, తలుపు కాస్త తెరిచి లోపలే చల్లారనివ్వండి. ట్రాన్స్‌లూసెంట్ పూసలను మాత్రం వేడి మీదే ఐస్ నీళ్లలో వేస్తే మరింత స్పష్టంగా వస్తాయి. అంటిన సోడా నీళ్లతో, పాత టూత్‌బ్రష్‌తో పోతుంది.

రంగు మారుతుందన్న భయంతో వేడి తగ్గించేవాళ్లే ఎక్కువ. అలా చేసిన పూస రంగు బాగుంటుంది కానీ తీగ ఎక్కించేటప్పుడు పెళుసుగా విరుగుతుంది. వేడి సరిగ్గా ఉంటే పది నిమిషాలు ఎక్కువైనా నష్టం లేదు, రంగును పాడుచేసేది ఎక్కువ వేడి. కొత్త ప్యాకెట్ తెరిచినప్పుడల్లా ఒక్క పూసతో పరీక్షించుకోండి.

మైక్రోవేవ్‌లో అసలు పెట్టకూడదు. ఘాటు వాసన, పొగ వస్తే క్లే కాలుతోందని అర్థం. ఓవెన్ ఆపి, కిటికీలు తెరిచి గదిలోంచి బయటికి వచ్చేయండి. కాలిన పీవీసీ నుంచి వచ్చే హైడ్రోజన్ క్లోరైడ్ కళ్లను, గొంతును మండిస్తుంది.