పెద్దవాళ్ల నడక మొదలయ్యే ముందు: విజయవాడ కాలనీలకు

చలికాలం వస్తోంది. కాలనీల్లో పెద్దవాళ్లు మళ్లీ గుంపుగా వాకింగ్‌కి బయల్దేరతారు. మొదటి రోజుకు ముందే ఇవి చూసుకోండి.

- ఈ ఏడాదిలో ఒక్కసారైనా పడ్డారేమో అడగకుండా ఎవరినీ వేగంగా నడిపించకండి. ఒకసారి పడినవాళ్లు మళ్లీ పడే అవకాశం ఎక్కువ. వాళ్లకు ఒట్టి నడక చాలదు, కాళ్ల బలం, బ్యాలెన్స్ పెంచే వ్యాయామాలు ముందు కావాలి. మా అమ్మని అడిగితే "పడలేదురా, బాత్‌రూమ్‌లో కాస్త జారానంతే" అంది. మోకాలి మీద కమిలిన మచ్చ చూశాకే నాకు సంగతి తెలిసింది. రెండోసారి కూడా అడగండి.

- కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, వెనక్కి వచ్చి కూర్చోమనండి. 12 సెకన్లు, అంతకన్నా ఎక్కువ పడితే ముందు డాక్టరుకు చూపించండి.

- బీపీ మాత్రలు, నిద్ర మాత్రలు వాడేవాళ్లకు పడుకున్నప్పుడు ఒకసారి, నిలబడ్డ 1, 3 నిమిషాలకు మళ్లీ బీపీ చూడండి. పై అంకె 20 తగ్గితే కళ్లు తిరిగే ప్రమాదం ఉంది. మాత్రలు మాత్రం సొంతంగా ఆపకండి.

- హవాయి చెప్పులు వద్దు. షుగర్‌తో పాదాలు మొద్దుబారితే చెప్పు జారినా తెలియదు.

- ఇన్సులిన్ వేసుకునేవాళ్లు ఖాళీ కడుపుతో రావద్దు.

- బందరు కాలవ గట్టు మీదైతే తెల్లారాకే. చీకట్లో గుంతలు కనపడవు, కుక్క మీదికొస్తే కంగారులో అడుగు తడబడుతుంది.