చైనా పంచాంగం నేర్చుకుందాం – 3వ పాఠం: పుట్టిన ఏడాదిది ఏ జంతువు?

గత పాఠంలో నెలల లెక్క, అధికమాసం చూశాం. చైనావాళ్ల నెల అమావాస్య రోజునే మొదలవుతుందని గుర్తుంది కదా? ఈసారి పుట్టిన తేదీని బట్టి జంతువును కనుక్కుందాం.

సంవత్సరాన్ని 12తో భాగించి శేషం చూడండి. 4 మిగిలితే ఎలుక. తర్వాత వరసగా 5 ఎద్దు, 6 పులి, 7 కుందేలు, 8 డ్రాగన్, 9 పాము, 10 గుర్రం, 11 మేక. 0 అయితే కోతి, 1 కోడిపుంజు, 2 కుక్క, 3 పంది. 2024కు శేషం 8, అంటే డ్రాగన్. వియత్నాంలోనూ ఇదే వరస, కాకపోతే కుందేలు చోట పిల్లి, ఎద్దు చోట గేదె ఉంటాయి.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. జనవరి, ఫిబ్రవరిల్లో పుట్టినవాళ్లకు లెక్క తప్పేది అందుకే. చైనా కొత్త సంవత్సరం జనవరి మూడో వారం చివర నుంచి ఫిబ్రవరి మూడో వారం దాకా ఎప్పుడైనా రావచ్చు. 1990లో జనవరి 27న వచ్చింది. ఆ ఏడాది జనవరి 20న పుట్టినవాళ్లు గుర్రం కాదు, 1989 నాటి పాము. 1985లో అయితే ఏకంగా ఫిబ్రవరి 19 దాకా ఎలుక సంవత్సరమే నడిచింది. కాబట్టి ముందు కొత్త సంవత్సరం తేదీ చూసుకోండి, ఆ తర్వాతే భాగించండి.

జంతువుకు తోడు ఒక మూలకం కూడా ఉంటుంది. దానికి సంవత్సరంలోని చివరి అంకె చాలు: 4, 5 కలప; 6, 7 నిప్పు; 8, 9 మట్టి; 0, 1 లోహం; 2, 3 నీరు. 2026 నిప్పు గుర్రం. 1966 కూడా అదే. ఆ ఏడు పుట్టిన ఆడపిల్లల గురించి ఉన్న మూఢనమ్మకం వల్ల జపాన్‌లో అంతకుముందు ఏడాదితో పోలిస్తే జననాలు దాదాపు నాలుగో వంతు పడిపోయాయి. పిల్లల జాతకానికి ఈ లెక్కను ముడిపెట్టడం ఎంత అన్యాయమో ఇది చూస్తే తెలుస్తుంది.

పదేళ్ల చక్రం, పన్నెండేళ్ల చక్రం కలిసి తిరిగితే మొదటి జత మళ్లీ 60 ఏళ్లకు గానీ రాదు. మనకు ప్రభవ నుంచి అక్షయ దాకా ఉన్నవీ 60 సంవత్సరాలే. వాళ్ల చక్రం 1984లో కలప ఎలుకతో మొదలైంది, మన ప్రభవ 1987లో వచ్చింది. మన షష్టిపూర్తిలాగే అక్కడా 60 నిండటం పెద్ద వేడుక.

అభ్యాసం: 2000లో కొత్త సంవత్సరం ఫిబ్రవరి 5న వచ్చింది. ఫిబ్రవరి 3న పుట్టినవారికీ, అదే నెల 8న పుట్టినవారికీ జంతువు, మూలకం రెండూ రాయండి. జవాబులు 4వ పాఠంలో.